బర్రె అరుపు వినపడేంత ఊరు

కార్తీక మాసం, శుక్రవారం, పొద్దున సరిగ్గా ఆరుంబావుకు మా బర్రె ఈనింది. ఆరుంబావు అని అంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, పెళ్లిలో పెట్టిన చేతిగడియారాన్ని మా ఆయన కొత్తలో ప్రతిదానికీ చూసుకునేవాడు. అన్నం ఉడికితే చూసేవాడు, వాన మొదలైతే చూసేవాడు, నాకు తుమ్ము వచ్చినా చూసేవాడు. దుడ్డె నేలమీద పడగానే బర్రెను గానీ నన్ను గానీ చూడకుండా ముందు మణికట్టు చూసుకుని "ఆరుంబావు" అన్నాడు. పక్కనున్న మా అత్తమ్మ, "టైము మల్ల జూడు గని, మొదలు దాని మూతి తుడువురా" అని కసిరింది.

ఆ రోజుల్లో నేను సన్నగా ఉండేదాన్ని, తెలివి కూడా అంతే సన్నగా ఉండేది. (ఇప్పుడు మనిషిని లావయ్యాను. రెండోదాని సంగతి మా ఇంట్లో వాళ్లను అడగండి.) అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి కాబట్టి డొంకతిరుగుడుగా రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. కానీ ముందు మా ఊరి గురించి చెప్పకపోతే మీకు మిగతాది అర్థం కాదు. చెప్పడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. తొమ్మిది ఇళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్కో చెలక, చెలకల్లో కందులూ జొన్నలూ, బావుల కింద కొంచెం వరి, అంతే. మా తాతల కాలంలో అందరూ పెద్దూళ్లోనే ఉండేవారట. రోజూ అంత దూరం నడిచి చేన్లకు రావడం, పొద్దుగూకాక మళ్లీ నడిచి పోవడం. ఒకరోజు ఎవరో ముసలాయనకు విసుగొచ్చి, "నేనింక రాను, పోను, గీడనే ఉంట" అని బావిగడ్డ మీద గుడిసె వేసుకున్నాడు. ఆయన్ను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. మా ఊరి చరిత్ర ఇంతే. రాజులు లేరు, కోటలు లేవు, నడవలేక విసిగిన ఒక ముసలాయన ఉన్నాడు. అయితే ఇళ్లు ఎంతెంత దూరంలో కట్టుకోవాలో మాత్రం ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరి కోళ్లు ఇంకొకరి గింజలు తినకూడదు, కానీ ఒకరి బర్రె అరిస్తే ఇంకొకరికి వినపడాలి. పాము వచ్చినా, దొంగ వచ్చినా ముందుగా చెప్పేది బర్రే కదా. అందుకని మాకు ఊరంటే బర్రె అరుపు వినపడేంత మేర. అది దాటితే పరాయి ఊరు.

నాది మేనరికం. అప్పగింతలప్పుడు మా అమ్మ గుండెలు బాదుకుని ఏడ్చి, మర్నాడు పొద్దున్నే చల్ల అడగడానికి మా అత్తారింటికి వచ్చింది. నడుమ ఉన్నది రెండు చెలకలు. అలాంటి నన్ను మా ఆయన హైదరాబాదుకు తీసుకొచ్చాడు. ఆయనకు యూనివర్సిటీలో మాలీ పని దొరికింది. క్యాంపస్ చివర, తార్నాక వైపు, మాలీలకు ఇచ్చిన రేకుల గదుల్లో ఒకటి మాది. కొన్నాళ్లకు మా అత్తమ్మ కూడా వచ్చింది. చూడి బర్రెను వదిలిపెట్టి రాలేక దాన్ని కూడా లారీలో ఎక్కించుకుని వచ్చింది. వచ్చిన రోజే తేల్చి చెప్పింది: "ఈ నీళ్లు దీనికి వడి, ఈనినంక మంచిగ పాలు చేపిందా, ఉంటం. చేపలేదా, నలుగురం మన ఊరికి పోదాం." నాలుగోది బర్రె. మా ఆయన "సరే అవ్వా" అన్నాడు. గడియారం తర్వాత ఆయన మాట వినేది వాళ్లమ్మదే.

నాకేమో పోవాలని లేదు. కారణం చెబితే నవ్వుతారు. మనుషులు! మా ఊళ్లో కొత్త మొహం కనపడాలంటే ఓట్ల జీపు రావాలి. ఇక్కడ తార్నాక చౌరస్తాలో నిలబడితే అన్నీ కొత్త మొహాలే. బస్సు ఆగితే దిగేవాళ్లు దిగుతుంటారు, ఎక్కేవాళ్లు ఎక్కుతుంటారు, ఎవరూ ఎవరికీ ఏమీ కారు. నన్ను ఎవరూ "ఫలానావాళ్ల బిడ్డవు గదా" అని ఆపరు. కూరగాయల సాకుతో పోయి గంటసేపు మనుషుల్ని చూసి, వంకాయలు మరిచిపోయి వచ్చేదాన్ని. గుంపులో పుట్టినవాళ్లకు ఆ సంతోషం చెప్పినా ఎక్కదు. కాబట్టి బర్రె పాలివ్వాలని దానికంటే నాకే ఎక్కువ ఆత్రంగా ఉండేది. పాలు పోయడానికి చోటు కూడా చూసిపెట్టుకున్నాం. మా గదికి దగ్గర్లోనే ఆడపిల్లల హాస్టల్. అక్కడి వార్డెనమ్మ మెస్సుకు మా పాలు తీసుకుంటానంది. "ముందు ఈననీ, తర్వాత మాట్లాడదాం" అని ఒక మెలిక పెట్టింది.

సరే, బర్రె ఈనింది. ముర్రుపాలు పిండాం, దుడ్డెకు వదిలాం. మా ఆయన తార్నాక పోయి మామూలు పాలు తెచ్చాడు, బెల్లం, మిరియాలు, యాలకులు వేసి పెద్ద గంజు నిండా జున్ను వండాం. అప్పుడు అత్తమ్మ నడుముకు కొంగు చుట్టి, "ఇగ పా, దీపాలు వెట్టకముందే ఊరందరికీ పంచాలె" అంది.

ఇది మా ఊరి ఆచారం. బర్రె ఈనిన రోజు జున్ను ఊళ్లో ప్రతి ఇంటికీ చేరాలి. ఈనిన ఇంటివాళ్లు అందరికంటే చివర తినాలి. ఒక్క ఇల్లు తప్పినా బర్రె చేపదు, అంటే పాలు పొదుగులోకి దించదు, బిగపట్టుకుంటుంది.

"ఏ ఊరందరికి అవ్వా?" అన్నాడు మా ఆయన.

"మనమున్న ఊరికి."

"మనమున్నది హైదరాబాద్ల."

"ఉంటే ఏంది?"

"లక్షల మంది ఉంటరే!"

"లక్షల మందికి మన బర్రె అరుపు ఇనపడ్తదా?"

మా ఆయన గడియారం చూసుకున్నాడు. అందులో జవాబు దొరకలేదు.

ఊరు ఎంతవరకో చూసి రమ్మని నన్ను పంపారు. మా ఆయన దుడ్డెను ఎత్తుకుని గోడ వెనక్కు పోతే బర్రె అరుస్తుంది, నేను నడుస్తూ ఎక్కడిదాకా వినపడుతుందో చూడాలి. (నవ్వండి. నేను ఆ పని ఎంత శ్రద్ధగా చేశానో మీకు తెలియదు.) ముందు తార్నాక రోడ్డు వైపు పోయాను. గేటు దగ్గరికి రాగానే ఒక సిటీ బస్సు హారన్ కొట్టింది, బర్రె ఓడిపోయింది. ఆ బస్సు డ్రైవరుకు మనసులోనే దండం పెట్టుకున్నాను, తార్నాక మొత్తం లెక్కలోంచి తప్పిపోయింది. తర్వాత అడిక్‌మెట్ దిక్కు పోయాను. అటు రైలు కూత కాపాడింది. మిగిలింది క్యాంపస్ లోపలి వైపు. అక్కడ చెట్లు, బండరాళ్లు, నెమళ్లు తప్ప అడ్డం ఏమీ లేదు. బర్రె అరుపు నా వెంటే నడిచి వచ్చినట్టు హాస్టల్ గేటు దాకా వచ్చింది. పై అంతస్తు కిటికీలోంచి ఒక పిల్ల తల బయట పెట్టి, "అబ్బ, మళ్ల షురూ చేసిందే, రేపు నాకు ఎగ్జాముంది!" అని అరిచింది. ఇంక సందేహం లేదు. హాస్టల్ మా ఊళ్లోదే.

వచ్చి చెప్పాను. అత్తమ్మ అడిగింది, "ఎన్ని ఇండ్లు?"

"ఒక్కటే అత్తమ్మా. మూడంతస్తులది."

"ఇల్లు పెద్దదా చిన్నదా కాదే నేనడిగేది. ఎన్ని పొయ్యిలు?"

అదీ మా ఊరి పద్ధతే. అన్నదమ్ములు ఒకే కప్పు కింద ఉన్నా పొయ్యి వేరైతే ఇల్లు వేరైనట్టే, జున్ను గిన్నె కూడా వేరే పోవాలి. నాకు ప్రాణం లేచి వచ్చింది. "మెస్సుల ఒక్కటే పొయ్యి! అందరు గాడనే తింటరు" అన్నాను. "గట్లయితే ఒక్క గిన్నె చాలు" అంది అత్తమ్మ. అంది గానీ నా మాట నమ్మే మనిషి కాదు. మా ముగ్గురికని ఒక చిన్న గిన్నెలో జున్ను తీసి ఉట్టిమీద పెట్టి, మిగతా గంజు మొత్తం నా నెత్తికెత్తి వెంట బయల్దేరింది.

మెస్సులో వంట చేసే లావు మామ జున్ను చూడగానే చేతులు తుడుచుకున్నాడు. అత్తమ్మ నిండు గిన్నె పెట్టి, "గీ బిల్డింగుకంత నీదొక్కటేనా తమ్మీ పొయ్యి?" అని అడిగింది. ఆయనకు ఎన్నాళ్ల నుంచో కడుపులో ఉన్న మంట అప్పుడు బయటికొచ్చింది. "ఒక్కటేనా? పైకి వోయి వాసన జూడు అక్కా! దినాం సగం సాంబారు పారవోస్తున్న. తినేటోళ్లేరి? అందరు రూముల్లనే వండుకుంటరు, పట్టుకుందామంటే ఒక్కటి దొరకది" అన్నాడు.

అత్తమ్మ ఇంక ఆగలేదు, మెట్లెక్కింది. వెనక గంజుతో నేను. ఇద్దరు బయటి ఆడవాళ్లు పైకి పోతున్నారని చూసి వార్డెనమ్మ మా వెనక వచ్చింది. ఆమె గురించి ఒక మాట. నడుముకు తాళాలగుత్తి, మెడలో విజిల్, నవ్వితే ఎక్కడ అలుసైపోతానో అన్నట్టుండే మొహం. గదిలో పొయ్యి పెట్టుకోకూడదన్నది ఆ హాస్టల్లో మొదటి రూలు. దొరికితే పొయ్యి ఆఫీసు గదికి పోతుంది, ఊరి నుంచి తండ్రి రావాలి. ఇది పిల్లలందరికీ తెలుసు, నాకూ తెలుసు. అత్తమ్మకే తెలియదు. నేను కొంగు పట్టుకుని లాగాను. "లాగకే, జున్ను ఒలుకుతది" అంది.

మొదటి గది తలుపు తీసింది ఒక బక్కపలచని పిల్ల. (ఆమె గదిలోంచి ఎప్పుడూ కరివేపాకు వాసన వచ్చేది, అందుకని నేను పోపు పిల్ల అనేదాన్ని.) అత్తమ్మ ఆమె గడ్డం పట్టుకుని ముద్దుగా అడిగింది, "బిడ్డా, నీ పొయ్యి వేరేనా?"

పోపు పిల్ల మా భుజాల మీదుగా వార్డెనమ్మను చూసింది. "పొయ్యా? నాకు పొయ్యి లేదు పెద్దమ్మా!"

"లేకుంటే ఏం ఫికర్ లేదు. కింద మెస్సు గిన్నెల నీ వంతున్నది, నాకనీకె ఓ చెంచ వస్తది. పొయ్యి ఉంటెనే నిండు గిన్నె" అంటూ అత్తమ్మ గంజు మూత తీసింది.

ఆ వాసన గురించి నేను రాయలేను, అది రాసేంత అక్షరాలు నాకు రావు. పోపు పిల్ల జున్నును చూసింది. వార్డెనమ్మను చూసింది. మళ్లీ జున్నును చూసింది. గుటక మింగింది.

"మంచం కింద ఉన్నది పెద్దమ్మా" అంది.

"ఏంటీ?" అంది వార్డెనమ్మ.

"ఏమన్న జేసుకోండి మేడమ్. జున్ను తినక మూడేండ్లాయె!"

అత్తమ్మ సంతోషంగా నిండు గిన్నె పెట్టింది. ఆ తర్వాత జరిగింది నా కళ్లతో చూశాను గనక నమ్మాను. పక్క గది తలుపు తెరుచుకుంది, "పెద్దమ్మా, మాకు గూడ ఉన్నది!" ఎదుటి గదిలోంచి, "నాకు హీటరున్నది, నడుస్తదా?" ఒక గదిలో ఇద్దరు జోడు జడల పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి, "మా రూముల రెండు పొయ్యిలున్నయి! మేమిద్దరం మాట్లాడుకోం, వేరువేరే వండుకుంటం" అన్నారు. (ఆ మాట ఇద్దరూ కలిసి ఒకే గొంతుతో అన్నారు.) పరీక్ష ఉందని బర్రెను తిట్టిన పిల్ల ఇస్త్రీపెట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా, దీన్ని తిర్లేసి ఆమ్లెట్ వేసుకుంట. ఇది పొయ్యి కిందికి వస్తదా?"

అత్తమ్మ ఇస్త్రీపెట్టెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీని మీద బువ్వ ఉడుకుతదా?"

"ఉడకది."

"గట్లయితే సగం గిన్నె" అని తీర్పు చెప్పింది.

వార్డెనమ్మ మాత్రం విజిల్ నోటిదాకా తెచ్చి అలాగే నిలబడిపోయింది. ఆమె ఎంత వెతికినా దొరకని పొయ్యిలన్నీ ఆ రోజు వరండాలోకి వాటంతట అవే నడిచి వచ్చాయి. మా పాలు ఆమె చేతిలో ఉన్నాయి, మేము ఆమె పరువును వరండాలో పెట్టి గిన్నెల్లో పంచుతున్నాం. అంతలో గంజు అడుగు గీరిన చప్పుడు వినపడింది. అయిపోయింది. సరిగ్గా అప్పుడే అత్తమ్మ వెనక్కి తిరిగి, "అమ్మా, నీ పొయ్యి ఏడున్నది?" అని వార్డెనమ్మను అడిగింది.

పిల్లలు చెంచాలు నోట్లోనే ఉంచుకున్నారు. వార్డెనమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. "కిరసనాయిలు స్టవ్ ఒకటుంది. టీకి" అంది మెల్లిగా. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, ఆమె మొహం ఎర్రబడింది. "నాకు జున్నూ వద్దు, మీ పాలూ వద్దు. కిందికి దిగండి ముందు!" అని అరిచింది.

ఒక ఇల్లు తప్పింది. అదీ ఆ ఇల్లు.

సాయంత్రం పాలు పిండడానికి అత్తమ్మ బర్రె దగ్గర కూర్చుంది. పొదుగు కడిగింది, నిమిరింది, పేరు పెట్టి బతిమాలింది. బర్రె అటువైపు తిరిగి నిలబడింది. ఒక్క చుక్క దించలేదు. అత్తమ్మ ఖాళీ చెంబు బోర్లించి లేచింది. "చెప్పిన గదా. ఇల్లు తప్పింది. ఇగ ఇది గీడ చేపది. పొద్దుగాల లారీ మాట్లాడురా" అంది కొడుకుతో. ఆయన గడియారం కూడా చూసుకోలేదు. అత్తమ్మ నాతో, "మూట గట్టు" అంది.

నేను మూట కట్టలేదు. తార్నాక చౌరస్తా కళ్లముందు కదిలింది. ఆ మొహాలన్నీ వదిలేసి మళ్లీ ఓట్ల జీపు కోసం ఎదురుచూడాలా? ఉట్టిమీది చిన్న గిన్నెను చూపించి, "గిది మేడమ్‌కిద్దాం అత్తమ్మా" అన్నాను.

"గది మన ఇంటిది. గదిస్తే మన ఇల్లు తప్పుతది. బుద్ధున్నదా?"

బుద్ధి సన్నగా ఉండేదని మొదట్లోనే చెప్పాను గదా. అప్పుడు మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో, వచ్చింది. "ఆమె మన పొయ్యి మీది బువ్వ తింటే? పొయ్యి ఒక్కటైతే ఇల్లు ఒక్కటే గదా? గీ గిన్నె ఇద్దరికీ సరిపోతది గదా?" అన్నాను.

అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఆ పద్ధతిలో తప్పు పట్టడానికి ఏమన్నా దొరుకుతుందేమోనని చాలాసేపు వెతికింది. చివరికి, "ఆమె వస్తదా?" అంది. అది చాలు నాకు, పరుగెత్తాను.

వార్డెనమ్మ ఆఫీసు గదిలో ఒంటరిగా కూర్చుని ఉంది. నేను తలుపు దగ్గరే నిలబడి గడగడా చెప్పేశాను. "మేడమ్, మీరు మా ఇంట్ల బువ్వ తినాలె. తినకుంటే మా బర్రె చేపది. చేపకుంటే మా అత్తమ్మ నన్ను ఊరికి తోలుకపోతది. గాడ మనుషులు లేరు మేడమ్."

"మనుషుల్లేకపోవడమేంటి?"

"తొమ్మిది ఇండ్లు. అందరు నాకు చుట్టాలే."

ఆమె మొదటిసారి నవ్వింది. నవ్వితే అలుసేమీ కాలేదు, బాగుంది. "కూరేంటి?" అని అడిగింది. "పచ్చిపులుసు" అన్నాను. తాళాలగుత్తి సర్దుకుని లేచింది. మేమిద్దరం గేటు దాటేసరికి వెనక చెప్పుల చప్పుడు. పోపు పిల్ల, జోడు జడలు, ఇస్త్రీపెట్టె పిల్ల. బర్రెను చూస్తామంటూ వచ్చారు. "మా ఆవిడ" ఏం చేస్తుందో చూద్దామని లావు మామ కూడా వచ్చాడు. (ఆయన వార్డెనమ్మను వేళాకోళానికి "మా ఆవిడ" అనేవాడు, ఆమెకు వినపడనప్పుడు.)

ఆమె మా రేకుల గది ముందు చాపమీద కూర్చుని, మా పొయ్యి మీద వండిన అన్నం, పచ్చిపులుసు కలుపుకుని తింది. రెండోసారి కూడా పెట్టించుకుంది. ఉట్టి మీది గిన్నె దించి అత్తమ్మ ఆమెకు సగం జున్ను పెట్టి, మిగతా సగం మా ముగ్గురికీ తలా ఇంత పెట్టింది. "ఇగ మనది ఒక్కిల్లే" అంది. "సరేనమ్మా" అంది వార్డెనమ్మ నోటినిండా జున్నుతో. ఈ సందడిలో దుడ్డె ముద్దొచ్చిందని పోపు పిల్ల దాన్ని కట్టేసిన తలుగు విప్పింది. అది తూలుకుంటూ పోయి తల్లి పొదుగు కింద తల పెట్టింది. బర్రె ఇటు తిరిగి దాన్ని నాకింది. ఒక్కసారిగా పొదుగు నిండింది. "చేపింది!" అని అత్తమ్మ చెంబు తీసుకుని ఉరికింది.

"చూసినవా, ఇల్లు తప్పకుంటే ఎట్ల చేపిందో" అంటుంది అత్తమ్మ. మా ఆయన మాత్రం తర్వాత నా చెవిలో, "పొద్దంత అరుపు కోసమని దుడ్డెను దూరం దూరం పెట్టినం, అందుకే అలిగింది. దుడ్డె వచ్చింది, చేపింది" అన్నాడు. ఎవరి మాట నిజమో బర్రె చెప్పాలి, అది చెప్పలేదు.

వార్డెనమ్మ చెయ్యి కడుక్కుంటూ, "ముర్రుపాలు అయిపోయాక మెస్సుకు పాలు పొయ్యండి" అంది. తర్వాత పిల్లలవైపు తిరిగి గొంతు మార్చి, "ఇవాళ నేను జున్ను తినడానికి వచ్చాను, రూములు చూడ్డానికి కాదు. రేపు ఎనిమిది గంటలకు చూస్తాను. అప్పటికి ఒక్క పొయ్యి కనపడకూడదు" అంది. కనపడలేదు. అన్నీ మా గడ్డివాము కింద ఉన్నాయి.

ఇప్పుడు తార్నాకలో మా ఫ్లాటు ముందు రైలు నేలమీద కాదు, రోడ్డు పైన స్తంభాల మీద పోతుంది. ఆ మెట్రో ఎక్కాలంటే నేను మనవరాలి చెయ్యి పట్టుకుంటాను, ఎస్కలేటరు దగ్గర కళ్లు మూసుకుంటాను. హైదరాబాదు ఎక్కడిదాకా ఉందో కొలిచి వచ్చి, నెత్తిన గంజు పెట్టుకుని బయల్దేరిన ఆ పిల్లను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. అంత ధైర్యం దానికి ఎవరిచ్చారో!

ఆ సాయంత్రం మా రేకుల గది ముందున్నవాళ్లు: మా అత్తమ్మ, మా ఆయన, వార్డెనమ్మ, లావు మామ, పోపు పిల్ల, మాట్లాడుకోని జోడు జడలు ఇద్దరూ (మిగుల్చుకున్న జున్నును ఒకే చెంచాతో తింటూ), ఇస్త్రీపెట్టె పిల్ల, బర్రె, దుడ్డె, ఇంకా అందరినీ ఒక్కచోట చూసి కడుపు నిండిపోయి, తన వంతు జున్ను తినడం మరిచిపోయిన నేను.